డూప్లిసిటీ అనే మాటను నేను వాడిన రోజు

నేను బడిలో చదివింది ఏడో తరగతి. మిగతా చదువంతా లైబ్రరీలోనే. సూరత్ వచ్చి ఇరవై ఆరేళ్లయింది. అందులో పధ్నాలుగేళ్లుగా, వారపు సెలవు రోజున ఉతికిన చొక్కా వేసుకొని డిండోలిలో బస్సెక్కి, పాత ఊళ్లో ఉన్న లైబ్రరీకి పోతున్నాను. అక్కడ తెలుగు పుస్తకం ఒక్కటి కూడా లేదు. హిందీ బడిలో కొంచెం వచ్చింది. గుజరాతీ అక్షరాలు దుకాణాల బోర్డులు చూసి పట్టుకున్నాను. ఇంగ్లీషు మాత్రం డిక్షనరీతోనే నేర్చుకున్నాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, కొంచెం గర్వంగానే ఉంటుంది.

చదువుకునే హాల్లో ఒక మూల, ఏటవాలు బల్ల మీద పెద్ద ఇంగ్లీషు డిక్షనరీ ఉంటుంది. ఇంటికి ఇవ్వరు, నిలబడే చదవాలి. అచ్చు నూకల కంటే సన్నం. అందుకని బల్లకు దారంతో ఒక భూతద్దం కట్టి ఉంచారు. వారానికి ఒక మాట చొప్పున నోటుబుక్కులో ఎక్కించడం నా పద్ధతి. ముందు మాట, తర్వాత అర్థం, ఆ కింద నా సొంత వాక్యం ఒకటి. వాక్యం రాసేదాకా ఆ మాట నాది కానట్టే లెక్క.

డూప్లిసిటీ అనే మాట ఒక ఇంగ్లీషు పేపరు హెడ్డింగులో దొరికింది. ఏదో రెండు దేశాల తగాదా వార్త అది. ఒక దేశం రెండో దేశాన్ని ఆ మాటతో తిట్టింది. డిక్షనరీ తిప్పితే మొదటి అర్థం మోసం అని ఉంది. ఊరికే మోసం కాదు. మనసులో ఒకటి ఉంచుకొని బయటికి ఇంకొకటి చూపించే మోసం. మన భాషలో రెండు నాలుకలవాడు అంటాం, కపటం అంటాం. దాని కింద, పాతబడిన వాడుక అన్న గుర్తుతో రెండో అర్థం ఉంది. అందులో మోసం ఊసే లేదు. రెండుగా ఉండటం, అంతే.

ఒకే మాటలో ఒక అర్థం తిట్టూ, ఇంకొకటి ఊరికే లెక్కా ఎట్లా అయ్యాయో నాకు అంతు చిక్కలేదు. పుస్తకాలిచ్చే బల్ల దగ్గర కూర్చునే మేడమ్‌ను అడిగాను. ఆమె గుజరాతీ మనిషి, నన్ను భాయ్ అని పిలుస్తుంది. ఇది లాటిన్ అనే పాత భాష నుంచి వచ్చిందనీ, ముందు సగం రెండు, వెనక సగం మడత అనీ హిందీలో చెప్పింది. చెబుతూనే చేతిలోని పేపరును మధ్యకు మడిచి చూపించింది. బయటి పేజీ మాత్రమే కనిపించింది. లోపలి పేజీలో ఏముందో తెలియదు. నాకు వెంటనే మా కారఖానాలో బట్ట మడతలు పెట్టే ఫోల్డింగ్ గది గుర్తొచ్చింది.

ఆ మాటకు చుట్టాలు సూరత్ నిండా ఉన్నారని బస్సులో తిరిగొస్తుంటే తట్టింది. డబల్ అంటాం. డూప్లికేట్ తాళంచెవి, డూప్లికేట్ డిజైన్ చీర అంటాం. డిండోలి రోడ్డు మీద ఇళ్లు కట్టి అమ్మేవాళ్ల బోర్డుల్లో డూప్లెక్స్ అని రాసి ఉంటుంది. అదే ఇంటి మాట డూప్లిసిటీ ఒక్కటే చెడ్డపేరు తెచ్చుకుంది. ఈ సంగతి నాకు నేనే కనిపెట్టినంత సంతోషమైంది. ఆ రోజు వాక్యం రాయలేదు. ఆ మాటకు తగిన మనిషి దొరకాలని ఖాళీ ఉంచాను. కొత్త మాట నేర్చినవాడు దాన్ని ఎవరి మీద పెట్టాలా అని చూస్తుంటాడని నాకు అప్పటికి తెలియదు.

మా పని గురించి కొంచెం చెప్పాలి. ఉధ్నా దగ్గర ఒక కారఖానాలో నేను పవర్‌లూమ్ నడుపుతాను. నాకు ఎనిమిది మిషన్లు. అవే ఎనిమిది మిషన్లు ఇంకొకతనివి కూడా. నేను పగటి పాళీలో ఉంటే అతను రాత్రి పాళీ, పదిహేను రోజులకు ఒకసారి మార్పు. ఇట్లా ఒకే మిషన్ల మీద ఎదురు పాళీలో చేసేవాణ్ణి జోడీదారు అంటాం. మా ఇద్దరిదీ పదకొండేళ్ల జోడీ. ఇద్దరం కరీంనగర్ వైపు వాళ్లమే. అతను నాకంటే రెండేళ్లు పెద్ద, అందుకని నేను అన్నా అంటాను. అతను నన్ను పంతులూ అంటాడు. ఆ పిలుపులో సగం మర్యాద, సగం ఎక్కిరింపు.

పెళ్లాం పిల్లలు ఇక్కడికి రాకముందు మా ఇద్దరికీ మెస్సులో ఒకే మంచం ఉండేది. అతను పనికి పోతే నేను పడుకునేవాణ్ణి, నేను పోతే అతను. దిండు ఒకటే, గలీబులు మాత్రం రెండు. వచ్చినవాడు తన గలీబు తొడుక్కోవాలి. ఇప్పుడు అతనికి భేస్తాన్‌లో ఒక గది ఉంది, నాకు డిండోలిలో ఒకటి. ఇన్నేళ్లలో మేం కలిసి ఉన్నదంతా పాళీ మారే పది నిమిషాలే. ఆ పది నిమిషాల్లో ఏ మిషన్ ఏం సతాయిస్తోంది, ఊరి నుంచి ఎవరు ఫోన్ చేశారు, ఎవరింట్లో జ్వరం, అన్నీ అయిపోయేవి.

పాళీ దిగేవాడు ఎనిమిది మిషన్ల మీదా, అప్పటిదాకా నేసిన బట్ట అంచుకు చాక్‌పీసుతో తన గుర్తు పెట్టి దిగాలి. నాది సున్నా, అతనిది ఇంటూ. ఇంటూ తర్వాత సున్నా దాకా ఉన్న బట్ట నాది. సున్నా తర్వాత మళ్లీ ఇంటూ దాకా అతనిది. తాకా, అంటే బట్ట చుట్ట, పూర్తయి చెకింగ్ బల్ల మీదికి పోయినప్పుడు ఎక్కడైనా లోపం దొరికితే ఈ గుర్తులు చూసే అది ఎవరిదో తేలుస్తారు. గుర్తు లేకపోతే ఇద్దరికీ చెరిసగం. ఒక నెలలో మూడు పెద్ద లోపాలు ఎవరి మీద పడితే వాణ్ణి మిషన్ల మీద నుంచి దింపి, వెనక గదిలో బాబిన్లకు దారం చుట్టడానికి పంపుతారు. నలభై అయిదేళ్ల వయసులో ఒకసారి దింపారంటే మళ్లీ మిషన్లు ఇవ్వడం కష్టం. ఈ చుట్టుపక్కల కారఖానాల వాళ్లందరికీ తెలిసిపోతుంది.

ఒక పొద్దున నేను పగటి పాళీకి వచ్చేసరికి మా పని చూసే మాస్టర్ నన్ను చెకింగ్ బల్ల దగ్గరికి రమ్మన్నాడు. మాస్టర్ ఉత్తరప్రదేశ్ మనిషి, అరవడు, నిదానంగా మాట్లాడతాడు. బల్ల అద్దం కింద ట్యూబులైటు వెలుగుతోంది. ఒకదాని తర్వాత ఒకటి ఆరు తాకాలు పరిచి చూపించాడు. ఆరింటిలోనూ డబల్ తార్ ఉందన్నాడు. అంటే ఒక పోగు ఉండాల్సిన చోట రెండు పోగులు అతుక్కొని, బట్ట పొడుగునా ఒక గీత పడటం. పడుగు పోగు తెగినప్పుడు మేం దాన్ని ముడేసి, దువ్వెన పళ్లలాంటి ఫణిలో దాని సందులోంచి మళ్లీ లాగాలి. పక్క సందులో లాగితే డబల్ తార్ వస్తుంది. గీత ఇదిగో అని మాస్టర్ వేలు పెట్టాడు. నేను తలూపాను. నాకు కనపడలేదన్న సంగతి అప్పుడు నేను ఒప్పుకోలేదు. లైటు సరిగా లేదనుకున్నాను.

నాకు కనపడింది ఇంకొకటి. గీత ఉన్నదన్న ప్రతిచోటా నా సున్నా లేదు. ఇంటూ, ఆ తర్వాత చాలా దూరం పోయాక మళ్లీ ఇంటూ. మధ్యలో సున్నా ఉండాల్సిన చోట చాక్‌పీసు రుద్దిన మరక మాత్రం ఉంది. మిగతా తాకాల్లో సున్నా, ఇంటూ వరసగానే ఉన్నాయి. గుర్తు లేదు కాబట్టి ఆరు లోపాలూ చెరిసగమనీ, అంటే తలా మూడనీ, ఇద్దరినీ దించాల్సి వస్తుందనీ మాస్టర్ చెప్పాడు. సీజన్ మధ్యలో పాత జోడీని దించడం తనకూ ఇష్టం లేదన్నాడు.

నా చెవుల్లో ఎనిమిది మిషన్లూ ఒక్కసారి ఆగిపోయినట్టయింది. నేను గుర్తు పెట్టకుండా ఏ రోజూ దిగలేదు. అది నాకు ఒట్టు లాంటిది. అయితే తుడిచిందెవరు? నా తర్వాత ఆ మిషన్ల దగ్గరికి వచ్చేది ఒక్కడే. తన లోపం తన ఒక్కడి మీద పడకుండా, సగం నా మీదికి తోయడానికి నా సున్నాలు తుడిచాడు. ఆలోచన అంత తొందరగా, అంత సాఫీగా వచ్చింది. పదకొండేళ్లు అడ్డం రాలేదు.

ఆ మాట నోటి దాకా వచ్చింది. ఇది డూప్లిసిటీ అన్నాను. మాస్టర్‌కు అర్థం కాలేదు. నేను వివరంగా చెప్పాను. పాళీ మారేటప్పుడు నా ముందు నవ్వుతూ మిషన్లు తీసుకోవడం, నేను పోయాక గుర్తు తుడవడం, బయటి పేజీ ఒకటి, లోపలి పేజీ ఒకటి. లాటిన్ సంగతి కూడా చెప్పాను. బట్ట మడతలు పెట్టే ఇద్దరు పని ఆపి విన్నారు. వాళ్లు వింటున్నారని నేను ఇంకొంచెం గొంతు పెంచాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది, కానీ ఆ నిమిషంలో నాకు కోపం కంటే సంతోషమే ఎక్కువగా ఉంది. మాట సరిగ్గా అతికింది.

జోడీదారు ఇంకా కారఖానా దాటలేదు. బయట టీ తాగుతుంటే పిలిపించారు. తుడిచిన మరక చూపించి నువ్వేనా అని మాస్టర్ అడిగాడు. అతను బల్ల వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు.

"నేనే తుడిచిన," అన్నాడు.

ఎందుకని మాస్టర్ రెండుసార్లు అడిగాడు. తుడిచిన, అంతే అన్నాడు. గుర్తు తుడవడం లోపం కంటే పెద్ద తప్పు. ఆరు లోపాలూ అతని మీదే వేసి, బాబిన్ల గదికి పంపారు. పోతూ పోతూ నా పక్కన ఆగి, నాలుగో మిషన్‌లో పేక దారం బాగా తెగుతోందనీ, జర చూసుకొమ్మనీ చెప్పాడు. రోజూ పాళీ మారేటప్పుడు చెప్పినట్టే చెప్పాడు. ఆ రాత్రి ఇంటికి పోయి నోటుబుక్కు తీసి, ఖాళీగా ఉంచిన చోట వాక్యం రాశాను. 'మనసులో ఒకటి పెట్టుకొని చేతితో ఇంకొకటి చేసిన నా జోడీదారుది డూప్లిసిటీ.' అక్షరాలు గుండ్రంగా వచ్చాయి.

నాకు కొత్త జోడీదారుగా ఒక ఒడియా మనిషిని ఇచ్చారు. పని బాగా వచ్చినవాడు. మొహమాటం లేదు. రెండో రోజే పాళీ తీసుకుంటూ ఆరో మిషన్ దగ్గర ఆగి, ఇక్కడ డబల్ తార్ ఉంది, నీ వైపుదే అని హిందీలో అన్నాడు. లేదన్నాను. వేలు పెట్టి చూపించాడు. లేదన్నాను. అతను వాదించలేదు. గీత పొడుగునా పెన్నుతో చుక్కలు పెట్టి, ఆ కింద నేను పెట్టిన సున్నా చూపించి, నువ్వే చూసుకో అని పనిలో పడ్డాడు. మర్నాడు రెండో మిషన్ మీద ఇంకొకటి చూపించాడు. పాత జోడీదారు పోయి అప్పటికి నాలుగు రోజులు. బాబిన్ల గదిలో కూర్చున్నవాడు నా మిషన్ మీద డబల్ తార్ ఎట్లా వేస్తాడు?

తాకా కోసినప్పుడు చివర మిగిలే చిందీ ముక్కల్లో, పెన్ను చుక్కలున్న అరచేతంత ముక్క ఒకటి జేబులో వేసుకున్నాను. సెలవు రోజున లైబ్రరీకి తీసుకుపోయాను. డిక్షనరీ మీద ఆ ముక్క పరిచి, దారానికి కట్టిన భూతద్దం పట్టి చూశాను. పోగులన్నీ రైలు పట్టాల్లాగా ఒకటి పక్కన ఒకటి సమానంగా పోతున్నాయి. చుక్కలున్న చోట మాత్రం రెండు పోగులు ఒకదాన్నొకటి ఆనుకొని నడుస్తున్నాయి. వాటి పక్కన సందు ఖాళీగా ఉంది. భూతద్దం తీసేశాను. తెల్ల బట్ట, అంతే. మళ్లీ పెట్టాను. రెండు పోగులు.

ముక్క పక్కకు జరిపి, భూతద్దం లేకుండా డిక్షనరీ చూశాను. పేజీ మొత్తం బూడిద రంగు మసక. మొదట్లో నేను ఈ పుస్తకాన్ని భూతద్దం లేకుండానే చదివేవాణ్ణి. అది కాలేజీ పిల్లలకే కావాలని నవ్వుకునేవాణ్ణి కూడా. ఎప్పటి నుంచి దాన్ని పట్టుకున్నానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. మేడమ్ నన్ను చూసి ఏమైంది భాయ్ అని అడిగింది. సంగతంతా చెప్పకుండా, అక్షరాలు కనబడటం లేదన్నాను. ఆమె తన కళ్లద్దాలు తీసి నా చేతికిచ్చింది. పెట్టుకుంటే నూకల్లాంటి అక్షరాలు ఒక్కొక్కటే విడిపోయి నిలబడ్డాయి. నలభై దాటితే అందరికీ ఇంతేననీ, ఇందులో దాచుకునేదేమీ లేదనీ చెప్పి ఆమె అద్దాలు తీసేసుకుంది. ఆ రోజు నేను ఏ మాటా రాసుకోలేదు.

లైబ్రరీ నుంచి నేరుగా భేస్తాన్ పోయాను. జోడీదారు గది ముందు వదిన బియ్యం ఏరుతోంది. నన్ను చూసి లేవలేదు, చేట కూడా దించలేదు. లోపలికి తల తిప్పి, "ఓ, నీ డిక్షనరీ తమ్ముడొచ్చిండు. ఇంకేం మాట తెచ్చిండో అడుగు," అంది. అతను లుంగీ మీద బయటికి వచ్చి, నడువు లోపలికి అన్నాడు. కూర్చున్నాక చిందీ ముక్క తీసి మా ఇద్దరి మధ్య చాప మీద పెట్టాను. అతను దాన్ని కంటితో చూడలేదు. ముక్కను మోకాలి మీద పరచుకొని, బొటనవేలి గోరును అడ్డంగా మెల్లగా జరిపాడు. ఒకచోట ఆగింది.

"గిదేనా," అన్నాడు.

అవునన్నాను. ఇది నాదే అన్నాను.

"నాకెర్కే. కండ్లు చూపించుకో పంతులూ అని నీకు మూడుసార్లు చెప్పిన. నువ్వేమన్నవు?"

నాకు గుర్తుంది. నూకలంత అచ్చు ఉన్న డిక్షనరీ చదివేవాడికి కళ్లు బాగాలేవంటావా అని నవ్వాను. ఒకసారి కాదు, మూడుసార్లూ అదే జవాబు చెప్పాను.

అతను చెప్పింది ఇది. ఎండాకాలం నుంచి నా పాళీలో నేసిన బట్ట మీద గోరు తగులుతోంది. మొదటిసారి తగిలినప్పుడు పోగు సరిచేసి ఊరుకున్నాడు. సరిచేసినా అప్పటికే నేసిన బట్టలో గీత ఉంటుంది కదా. సున్నా ఉంటే అది నా ఒక్కడి మీద పడుతుంది, మూడు పడ్డాయంటే నేను దిగిపోతాను. సున్నా లేకపోతే ఇద్దరికీ సగం సగం. ఆ లోపల నేను కళ్లు చూపించుకుంటే సరిపోతుందనుకొని తుడిచాడు. ఒకటి రెండై, రెండు ఆరయ్యాయి.

మాస్టర్ అడిగినప్పుడు ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే నిన్ను దించుతడు. నువ్వేమో అందరి నడుమ నిలవడి నా గురించి భాషణం ఇస్తున్నవు. నాకు కోపమొచ్చింది. కోపంల మాట రాలే," అన్నాడు. ఇంకొక మాట కూడా ఉందన్నాడు.

"అన్నీ నీయే అనుకోకు. అండ్ల నావి గూడ ఉండచ్చు. నాకు గూడ సరిగ కండ్లు ఆనుతలెవ్వు. గోరుతోని ఎల్లదీస్తున్న. ఏది ఎవరిదో నాకే తెల్వది. అందుకే తుడిచిన, పో."

వదిన టీ తెచ్చి పెట్టింది. నా కప్పు కొంచెం గట్టిగానే పెట్టింది. ఆమె చెప్పిందేమిటంటే, బాబిన్ల గదికి పంపినప్పటి నుంచి ఇతను అన్నం సగమే తింటున్నాడట, ఊరికి పోదామంటున్నాడట. ఊళ్లో ఏముందని పోతాం, పిల్ల ఇక్కడ పదో తరగతి పరీక్షలు రాయాలి అంది. నేను తల దించుకొని టీ తాగాను. అతని కోసం నేను చేయగలిగింది ఒక్కటే ఉంది, అది చేస్తే నా మిషన్లు పోతాయి. బస్సులో కూర్చొని అదే ఆలోచించాను. కొత్త జోడీదారు చూపించిన రెండు లోపాలు ఇంకా చెకింగ్ బల్ల దాకా పోలేదు. ఊరుకుంటే ఇంకొక నెల గడుస్తుంది. అంతలో కళ్లద్దాలు తీసుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఇట్లా లెక్క వేసుకుంటూ ఉధ్నా దాటాక, డిండోలి మలుపు దగ్గర, నేను రాసిన వాక్యం గుర్తొచ్చింది. మనసులో ఒకటి, చేతితో ఒకటి. ఆ వాక్యంలో జోడీదారు అన్న చోట నన్ను పెట్టుకుంటే ఒక్క అక్షరం మార్చే పని లేదు.

మర్నాడు పాళీ మొదలు కాకముందే మాస్టర్ దగ్గరికి పోయాను. చిందీ ముక్క చూపించాను. లోపాలు నావి కూడా, నాకు దగ్గరి చూపు పోయింది, అతను నన్ను కాపాడటానికే గుర్తు తుడిచాడు, నేను తెలియక మాట తూలాను అని చెప్పాను. ఫోల్డింగ్ వాళ్లు ఆ రోజు కూడా పని ఆపి విన్నారు. వాళ్ల ముందే చెప్పాలనుకున్నాను కాబట్టి గొంతు తగ్గించలేదు. మాస్టర్ చాలాసేపు ముక్కను లైటు మీద అటూ ఇటూ తిప్పాడు. కనబడనివాడిదీ తప్పే, కనబడినా దాచినవాడిదీ తప్పే అన్నాడు. ఇద్దరికీ పదిహేను రోజులు బాబిన్ల గది. ఆ లోపల ఇద్దరూ కళ్లద్దాలు తెచ్చుకొని వస్తే, బట్ట చూపించి పరీక్ష పెట్టి, అప్పుడు మిషన్ల సంగతి ఆలోచిస్తానన్నాడు. పెళ్లిళ్ల కాలం, సగం మంది ఊళ్లకు పోయారు. పని వచ్చినవాళ్లు దొరకరు. అది మాకు కలిసొచ్చిందని నాకు తెలుసు.

కళ్లద్దాల దుకాణానికి ఇద్దరం కలిసే పోయాం. పరీక్ష చేసే మనిషి గుజరాతీ అక్షరాల బోర్డు పెట్టాడు. నేను గడగడా చదివేశాను, కింది రెండు వరసలు తప్ప. జోడీదారుకు ఆ అక్షరాలే రావు. పంతులును అడుగు, నాక్కూడా ఆయనే చూస్తడు అన్నాడు. దుకాణం మనిషి నవ్వి, అతని చేతికి సూదీ దారం ఇచ్చాడు. దారం కొసను మడిచి, తడిపి, పళ్లతో కొరికి, ఎన్ని చేసినా అది బెజ్జంలోకి పోలేదు. ఇరవై ఏళ్లుగా రోజుకు వంద పోగులు ఫణిలో లాగే మనిషి అతను. చివరికి సూది బల్ల మీద పెట్టి, రాసుకో అన్నాడు.

బాబిన్ల గదిలో మా ఇద్దరికీ ఒకే పాళీ. పదకొండేళ్లలో మొదటిసారి ఒకే వేళకు పనికి పోయాం, ఒకే వేళకు టిఫిన్ డబ్బా విప్పాం. మొదటి రెండు రోజులు అతను నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. మూడో రోజు నా డబ్బాలోంచి అడగకుండా పచ్చడి తీసుకున్నాడు. అతను అన్నం తింటూ నోరు ఆపడని, నా అంత నెమ్మదిగా ఎవరూ తినరని మాకు ఒకరి గురించి ఒకరికి అప్పుడే తెలిసింది. ఒకే మంచం మీద పడుకున్న రోజుల్లో కూడా ఒకరు నిద్రపోవడం ఇంకొకరు చూడలేదు.

రెండో వారంలో ఒక రోజు, ఆ మాటేంది, నా గురించి చెప్పినవు, మల్ల చెప్పు అన్నాడు. చెప్పాను. మొదటి అర్థం చెప్పాను, పాతబడిన రెండో అర్థం చెప్పాను, మడత సంగతి చెప్పాను. నోటుబుక్కు సంచిలోనే ఉంది. రాసిన వాక్యం చదివి వినిపించి, ఇది కొట్టేస్తానన్నాను. అతను బాబిన్ మీద నుంచి చెయ్యి తీయలేదు.

"కొట్టెయ్యకు. తుడిచింది నిజమే గదా, నీకు చెప్పకుంట చేసింది నిజమే గదా. మంచికని చేస్తె అబద్ధం కాకుంట పోతదా?" అన్నాడు. తర్వాత, "కింద నీది గూడ రాయి. నాది చేతితోని, నీది నోటితోని. కండ్లు మంచిగున్నయని మూడుసార్లు చెప్పలే?" అన్నాడు.

రాశాను. ఆ పేజీలో ఇప్పటికీ రెండు వాక్యాలున్నాయి. మిగతా మాటలన్నిటికీ ఒక్కొక్కటే.

పదిహేను రోజులయ్యాక మాస్టర్ మా ఇద్దరినీ చెకింగ్ బల్ల దగ్గర నిలబెట్టి ఒక తాకా పరిచాడు. కళ్లద్దాలు పెట్టుకొని నేను రెండు డబల్ తార్లు చూపించాను. అతను మూడు చూపించాడు. ఒకటి కంటితో, రెండు గోరుతో. మా ఎనిమిది మిషన్లు మాకిచ్చారు. ఒడియా మనిషిని వేరే వరసకు పంపారు. చాక్‌పీసు తీసేసి, తుడిస్తే పోని ఇంకు పెన్ను ఇచ్చారు. ఈ నెలలో లోపాలు కనబడితే మళ్లీ మాట్లాడేది ఉండదని మాస్టర్ చెప్పాడు.

మొదటి రోజు పగటి పాళీ నాది. సాయంత్రం అతను పని తీసుకోవడానికి వచ్చాడు. రోజూలాగా టీ సంగతి, ఊరి సంగతి ఏమీ ఎత్తలేదు. పెన్ను నా చేతికిచ్చి, నేను ఒక్కొక్క మిషన్ మీద సున్నా పెడుతుంటే పక్కనే నడిచాడు. అయిదో మిషన్ దగ్గర నా చెయ్యి పట్టుకొని ఆపాడు. బట్ట మీద గోరు జరిపాడు. ఆగింది.

"ఇది నీదే," అన్నాడు.

కళ్లద్దాలు సరిచేసుకొని వంగి చూశాను. జానెడు పొడుగున రెండు పోగులు అతుక్కొని పోతున్నాయి. మధ్యాహ్నం తెగిన పోగు, తొందరలో పక్క సందులో లాగాను. మిషన్ ఆపి, ఇద్దరం ఆ పోగును బయటికి తీసి దాని సందులో లాగాం. ఈసారి అతను ఏమీ తుడవలేదు, నేనూ అడగలేదు. ఆ జానెడు గీత కింద, అంచు మీద, ఇంకు పెన్నుతో నా సున్నా పెట్టి ఆరో మిషన్ దగ్గరికి పోయాను.